కళ్ళలోంచి పోని కొలత

మా బావని వీధిలో అందరూ పెట్టెలాయన అంటారు. శవపెట్టెలు చేస్తాడు మరి, ఇంకేమంటారు? నేను ఆయన భార్య చెల్లెల్ని. ఆ పెట్టెల లోపలికి తెల్లగుడ్డ కుట్టేది నేనే. కాబట్టి ఆయన గురించి చెప్పే హక్కూ, ఆయన్ను తిట్టే హక్కూ రెండూ నాకున్నాయి. ఇన్నేళ్ళలో రెండోదే ఎక్కువ వాడుకున్నాను.

పనిలో బావకు ఒక పట్టింపు ఉంది. చావు జరిగిన ఇంటికి వెళ్తే జేబులోంచి టేపు తీయడు. కన్నవాళ్ళ ముందు, కట్టుకున్నవాళ్ళ ముందు మనిషిని టేపు పెట్టి కొలవడమేమిటి అంటాడు. గుమ్మం దగ్గర నిలబడి ఒక్క చూపు చూస్తాడు, ఇంటివాళ్ళతో రెండు మాటలు మాట్లాడి వచ్చేస్తాడు. పొడుగూ, భుజాల వెడల్పూ తలలో పడిపోతాయి. రంపం పట్టి చెక్క కోసేదాకా ఆ కొలత ఆయన్ను వదలదు. అన్నం తింటున్నా అదే, అక్క ఏదైనా అడుగుతున్నా అదే. కోశాక మాత్రం తుడిచేసినట్టు పోతుంది. నిన్న ఎవరికి చేశావు బావా అంటే మనిషిని చెబుతాడు గానీ పొడుగు చెప్పలేడు.

దీని మీద నేను ఆయన్ను ఏడిపించని రోజు లేదు. "నన్నలా చూడకు బావా, నేనింకా చాలా కాలం ఉంటా" అనేదాన్ని. "నీ నోటికే వేరే పెట్టె చెయ్యాలే" అనేవాడు.

మామూలు ఆదివారాల్లో గుడిలో వెనక బెంచీ మీద నోరు విప్పకుండా కూర్చునే మనిషి, క్రిస్మస్ రోజున మాత్రం ఇంటికి పెద్ద. ఆరాధన అయ్యాక అందరం అక్క ఇంట్లో ఒకే బల్ల చుట్టూ చేరతాం. బావ ప్రార్థన చేసేదాకా ఎవ్వరూ గిన్నె మూత తీయకూడదు. ఎవరి బాధ ఏమిటో గుర్తుపెట్టుకుని, ఒక్కొక్కరి కోసం దేవుణ్ణి అడుగుతాడు. ఆయన అడుగుతూ ఉంటాడు, మా కడుపులు మాడుతూ ఉంటాయి, అయినా ఎవరికీ కోపం రాదు. మాకు పండగంటే అదే.

ఈసారి పండగ ఇంకా రాకముందే మా చిట్టికి నెలలు నిండకుండా కాన్పు అయింది. బావకు చిట్టి ఒక్కగానొక్క కూతురు. పుట్టింది ఆడపిల్ల, పిడికెడంత కూడా లేదు. ఇంక్యుబేటర్‌లో పెట్టారు. డాక్టరు "చూద్దాం" అనడం తప్ప ఇంకో మాట అనడు. చిట్టీ, మా అల్లుడూ ఆస్పత్రి వరండాలోనే ఉండిపోయారు. బతుకుతుందా, బతకదా? పైకి ఎవరూ అనలేదు గానీ, ఇంట్లో ఎవరు ఏ పని చేస్తున్నా మనసులో ఆ ప్రశ్నే.

ఒకరోజు బావను కాసేపు లోపలికి పంపారు. మనవరాలి దగ్గర ప్రార్థన చేసి వస్తానని వెళ్ళినవాడు, తిరిగొచ్చి బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు. పాస్టరు గారు ఇంటికొచ్చి ప్రార్థన పెడితే మధ్యలో లేచి వెళ్ళిపోయాడు. అక్క ఏడ్చింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పసిగుడ్డు అక్కడ ప్రాణం కోసం కొట్టుకుంటుంటే ఈయనకు దేవుడి మీద అలకేమిటి?

కడిగిపారేద్దామని పండగ ముందు రోజు పొద్దున, అక్క ఇంటి పక్కన ఆయన పెట్టెలు చేసే షెడ్డుకు వెళ్ళాను. పండగకు మూసి ఉండాల్సిన షెడ్డు తెరిచి ఉంది. పని బల్ల మీద నున్నగా చిత్రిక పట్టిన చెక్కలున్నాయి. నాలుగు పక్కలవీ, అడుగుదీ, మూతదీ. మూత నా మోచేతి నుంచి వేళ్ళ దాకా కూడా లేదు.

"ఏంటిది బావా?"

బావ బల్ల మీది రంపపు పొట్టు చేత్తో తుడుస్తున్నాడు.

"నిన్నే! బతికున్న పిల్లకి... మతిగానీ పోయిందా నీకు? చేతులెలా వచ్చాయయ్యా?"

"చూడగానే కొలత పడిపోయిందే" అన్నాడు నేలకేసి చూస్తూ. "ప్రార్థన చేద్దామనే వెళ్ళాను. ప్రభువా అనేలోపే నా కళ్ళు కొలిచేశాయి. కళ్ళు మూసుకున్నా అదే కనపడుతోంది. కోసేస్తే పోతుంది కదా అని కోశాను. ఎప్పుడూ పోయేదే కదా! పోలేదే. ఇప్పుడు తల్లోనూ ఉంది, బల్ల మీదా ఉంది. ఈ కళ్ళు పెట్టుకుని దేవుణ్ణి ఏమని అడగను?"

తిడదామని వెళ్ళినదాన్ని, తిట్టడం మానేసి మూత చెక్క అందుకున్నాను. "పట్టు, వీటిని పొయ్యిలో పడేద్దాం" అన్నాను.

"కాల్చేశాక, మళ్ళీ ఇవే కొయ్యాల్సొస్తే..." అని ఆగిపోయాడు. ఆయన ఆపిన మాట నాకూ తట్టింది. ఇక నాకూ చేతులు రాలేదు. కుట్టుకోవడానికి ఉంచిన తెల్లగుడ్డ వాటి మీద కప్పి, ఆయన్ను ఇంటికి తీసుకొచ్చాను.

మర్నాడు క్రిస్మస్. బావ ఆరాధనకు రాలేదు, షెడ్డులోనే కూర్చున్నాడు. మధ్యాహ్నం స్నానం చేసి వెళ్దామని చిట్టి ఇంటికొచ్చింది. "నాన్నేడి పిన్నీ? ప్రార్థన కూడా చెయ్యనంటున్నాడట కదా. నేను చెబితే వింటాడులే" అంటూ, నేను ఆపేలోపే షెడ్డులోకి వెళ్ళిపోయింది. వెనకే పరుగెత్తాను. గుడ్డ పక్కకు తీసి ఉంది. బావ ఆ చెక్కల ముందే కూర్చుని ఉన్నాడు. అవేమిటో చిట్టికి ఎవరూ చెప్పక్కర్లేదు, ఆ షెడ్డులో పెరిగిన పిల్ల.

"ఇంకా ఊపిరుంది నాన్నా!" అని అరిచింది. "నా బిడ్డకి ఇంకా ఊపిరుంది! ఊళ్ళోవాళ్ళందరికీ చేసింది చాల్లేదా?" పచ్చి బాలింత, నిలబడలేక తలుపు పట్టుకుంది. "నువ్వు దాని దగ్గరికి రావొద్దు. నీ ప్రార్థనా వద్దు."

స్నానం లేదు, అన్నం లేదు, వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

బావను కూడా తీసుకొచ్చి, ఇంట్లో అందరం బల్ల చుట్టూ కూర్చున్నాం. ప్రార్థన చేసేవాళ్ళు లేరు, మూత తీసేవాళ్ళూ లేరు. చివరికి అక్క లేచి గిన్నెలు సంచిలో సర్దడం మొదలుపెట్టింది. "బిడ్డ అక్కడుంటే ఇక్కడేం పండగ? అక్కడే తిందాం, పదండి."

"నన్ను రావొద్దందిగా" అన్నాడు బావ.

"అంటుంది. కన్నకడుపు, అనదా? లే" అని చొక్కా పట్టుకుని లేపాను.

ఆస్పత్రి వరండాలో చిట్టి మమ్మల్ని చూసి మొహం తిప్పుకుంది. అల్లుడు లేచి మామగారికి చోటిచ్చాడు. బావ కూర్చోలేదు.

"క్షమించమ్మా. నా కళ్ళు పోనూ..."

"ఎందుకరిచానో తెలుసా నాన్నా?" అంది చిట్టి, ఇటు తిరక్కుండానే. "ఆ చెక్కలు నేననుకున్నంతే ఉన్నాయి."

బావ తలెత్తాడు.

"నీ బల్ల పక్కన పెరిగినదాన్నేగా నేనూ. పిల్లని నాకు చూపించగానే నాకూ కొలత పడిపోయింది. దాని మొహం చూద్దామని వెళ్తా, ముందు పొడుగే కనపడుతుంది. తల్లినయ్యుండి ఇలా చూశానని ఎవరితో చెప్పుకోను? నా ఒక్కదాని పిచ్చేలే అనుకున్నా. నువ్వేమో కోసి బల్ల మీద పెట్టావు."

బావ అప్పుడు కూర్చున్నాడు. చిట్టి ఆయన భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. అక్క సంచి కింద పెట్టి కొంగుతో మొహం కప్పుకుంది.

"ప్రార్థన చెయ్యి నాన్నా" అంది చిట్టి కాస్త తేరుకున్నాక. "ఏమడగాలో నాకు తెలీట్లేదు."

బావ కళ్ళు మూసుకున్నాడు.

"ప్రభువా, పని నేర్చుకున్నప్పటి నుంచి నా కొలత తప్పకూడదని నిన్నడుగుతూ వచ్చాను. నువ్వెప్పుడూ తప్పనివ్వలేదు. ఈ ఒక్కసారి తప్పనివ్వు. నాదీ, నా కూతురిదీ."

చిట్టి ఆమేన్ అనలేకపోయింది. దాని బదులు కూడా నేనే అన్నాను, లోపలున్న నర్సు తలుపు తీసి చూసేంత గట్టిగా.