మర్నాటి పేపరు

"పరీక్ష హాల్ల కూసున్న పిల్ల కూసున్నట్టే ఒరిగిపోతే ఎవరు చూస్తరు సారయ్యన్నా? లోపలికి నన్ను రానియ్యరు గద."

సైకిలుకు స్టాండు వేయకముందే జ్ఞానేశ్వరి ప్రశ్న సారయ్య మీద పడింది. కట్టలోంచి ఒక పేపరు లాగి అరుగు మీద పెట్టాడు. తలకు చుట్టుకున్న తువ్వాల విప్పి మొహం తుడుచుకున్నాడు. 1993 జూన్ నెల. సిద్దిపేటలో వాన ఇంకా పడలేదు గానీ గాలికి తడి వచ్చింది. ఆ తడంటే జ్ఞానేశ్వరికి భయం. మబ్బు పట్టిన రోజుల్లోనే కూతురి మోకాళ్లు వాచేవి.

కూతురి పేరు కన్యక. పదిహేనేళ్లు. ఆరో తరగతిలో ఉండగా ఒక జ్వరం వచ్చి కీళ్లన్నీ తిరిగి తిరిగి చివరికి గుండెలో కూర్చుంది. గుండెలో ఒక కవాటం సరిగ్గా మూసుకోవడం లేదని హైదరాబాదు డాక్టర్లు చెప్పారు. మూడు వారాలకొకసారి పెన్సిలిన్ సూది తప్పకూడదన్నారు. ఆ మరుసటి ఏడు బడిలో ప్రార్థనకు నిలబడ్డ పిల్ల నిలబడ్డట్టే పడిపోయింది. అప్పటినుంచి బడి మాన్పించి జ్ఞానేశ్వరే ఇంట్లో చదువు చెబుతోంది. తొమ్మిదో తరగతి పుస్తకాలు వేసవిలో పూర్తయ్యాయి. ఇక పది. అది ఇంట్లో చదివితే సరిపోదు. ప్రైవేటుగా కట్టి, ఎక్కడో ఒక హాల్లో కూర్చుని రాయాలి.

జ్ఞానేశ్వరికి ముప్పై నాలుగేళ్లు. పదిహేడుకే పెళ్లయి, చంకలో పిల్లతోనే కాలేజీకి పోయి బీఎస్సీ చేసింది. ప్రాక్టికల్స్‌లో ఒకసారి కప్ప గుండెను కోసి తీసి గాజు పళ్లెంలో పెడితే, అది అట్లాగే కాసేపు కొట్టుకుంది. అప్పుడు ఎంత బాగుందో అనుకుంది. ఇప్పుడు మధ్యాహ్నం పూట కన్యక కునుకు తీస్తుంటే దగ్గర కూర్చుని మణికట్టు పట్టుకుంటుంది. ఆ పళ్లెం కళ్ల ముందుకు వస్తుంది. లెక్క తప్పుతుంది. మళ్లీ మొదటినుంచి మొదలుపెడుతుంది.

ప్రైవేటుగా పది కట్టే పిల్లలున్న ఇళ్లలో అందరూ చెప్పేది ఒకటే మాట, సారయ్యను అడగమని. బస్టాండు దగ్గర పేపర్లు అమ్మే మనిషి. పద్మశాలి. చేతిమగ్గం సాగక పేపరు ఏజెన్సీ పట్టుకున్నాడు. తాను చదివింది ఐదు. అయినా ఏ నెలలో ఫారం వస్తుందో, పుట్టిన తేదీకి ఏ కాయితం కావాలో, ఎవరి సంతకం చెల్లుతుందో, సంగారెడ్డి విద్యాశాఖ ఆఫీసులో ఏ బల్ల దగ్గర నిలబడాలో అన్నీ ఆయనకే తెలుసు. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోడు. ఆయన ఎందుకింత తిరుగుతాడో జ్ఞానేశ్వరికి అప్పటికి తెలియదు.

"పిల్లను కింది గదిల కూసోబెట్టియ్యమని హెడ్మాస్టర్ సారును నేనడుగుత," అన్నాడు సారయ్య చివరికి. "ప్రైవేటోళ్లను ఎప్పుడు మీది గదులల్లనే ఏస్తరు."

"మీదికి ఇరవై రెండు మెట్లున్నయి. ఎక్కకముందు నాడి తొంభై రెండు, ఎక్కినంక నూట ముప్పై."

సారయ్య ఆమెను వింతగా చూశాడు. "మెట్లు గూడ లెక్కవెట్టినవా చెల్లె?"

"అన్ని లెక్కవెట్టింది," అన్నాడు లోపలినుంచి జ్ఞానేశ్వరి భర్త విశ్వేశ్వర్, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. ఆయనకు బజారులో స్టీలు సామాన్ల దుకాణం. "లోపటికి రా సారయ్య, గోడ జూడు. నా దుకాణంల గింత పద్ధతుంటే నేనెప్పుడో సేఠ్ అయ్యేటోణ్ని."

గోడకు నాలుగు గ్రాఫు కాయితాలు అతికించిన పటం ఉంది. అడ్డంగా వారాలు, నిలువుగా సబ్జెక్టులు. లెక్కలకు నీలం, సైన్సుకు ఆకుపచ్చ, సోషల్‌కు ఎరుపు. ఇరవై ఒక్క రోజులకొక నల్ల చుక్క. అది సూది రోజు. సూది వేసిన రోజు, మర్నాడు పిల్ల కూర్చోలేదు కాబట్టి ఆ రెండు గళ్లూ ఖాళీ. పదకొండు పేపర్లలో ఒక్కటి కూడా నల్ల చుక్క పక్కన పడకుండా మొత్తం ఏడాదిని వెనక నుంచి ముందుకు లెక్కగట్టింది జ్ఞానేశ్వరి. హిందీకి ఇరవై మార్కులొస్తే చాలు గనుక దానికి వారానికి ఒక్క గంటే.

సారయ్య ఆ పటం ముందు చాలాసేపు నిలబడ్డాడు. వేలితో ఒక్కో గడీ దాటుకుంటూ చివరికొచ్చాడు.

"గిది పరీక్షల కాడికే ఆగిపోయిందేంది చెల్లె?"

"గాడికే గదన్నా. ఇంకేముంటది?"

సారయ్య కింద కూర్చున్నాడు. మంచినీళ్లు అడిగాడు. తాగి, గ్లాసు చేతిలోనే పట్టుకుని చెప్పడం మొదలుపెట్టాడు.

తొమ్మిదేళ్ల కిందటి మాట. వాళ్ల వాడలోనే కొండవ్వ అనే ఆమె కొడుకు లక్ష్మీరాజం. తండ్రి పోతే ఏడో తరగతిలో బడి మాని మగ్గం గుంటలో దిగాడు. కానీ చదువు మానలేదు. మగ్గం పక్కన పుస్తకం తెరిచి పెట్టుకుని, పోగు తెగి ఆగినప్పుడల్లా ఒక వాక్యం చదివేవాడు. పాత పేపర్లు సారయ్యే ఇచ్చేవాడు. ఫారం నింపించింది కూడా సారయ్యే. పంతొమ్మిదేళ్లకు ప్రైవేటుగా పది రాశాడు.

ఫలితాల పొద్దున బస్టాండులో సారయ్య చుట్టూ వంద మంది. నంబరు చెబితే చాలు, రెప్పపాటులో చూసి చెప్పేవాడని ఆయనకు పేరు. ఉంది, ఉంది, లేదు, ఉంది. ఆ మందిలోంచి లక్ష్మీరాజం గొంతు నంబరు చెప్పింది. సారయ్య పేజీ చూశాడు. లేదు.

"తల గూడ ఎత్తలే చెల్లె. లేదు బిడ్డా అన్న. ఇంకొకని నంబరు అడిగిన."

ఆ రోజు వచ్చినవి బడి పిల్లల నంబర్లు. ప్రైవేటు వాళ్లవి మర్నాటి పేపర్లో వచ్చాయి. లక్ష్మీరాజం నంబరు అందులో ఉంది. సారయ్య కట్ట అక్కడే పడేసి కొండవ్వ ఇంటికి ఉరికాడు. ఆమె కండెలు చుడుతోంది. కొడుకు నిన్ననే బొంబాయి బస్సెక్కాడని, భివండీలో మరమగ్గాల మీదికి పోతున్నానని చెప్పాడని అన్నది. ఎవరితో పోయాడో, ఏ గల్లీలో ఉంటాడో చెప్పలేదు.

తరువాత ఉత్తరం రాలేదు. సారయ్య రెండుసార్లు భివండీ పోయివచ్చాడు. మన వాళ్లుండే గల్లీలన్నీ తిరిగాడు. మగ్గాల చప్పుడులో గొంతు చించుకుని అడిగాడు. రెండోసారి ఒక ముసలాయన గుర్తుపట్టాడు. రాజం అనే పిల్లగాడు ఉండెనని, సూరత్ దిక్కు పోయాడని చెప్పాడు.

"ఎవలన్న సదువు గురించి అడిగితే, నేను పది ఫెయిలయినోణ్ని అని చెప్తుండేనట," అన్నాడు సారయ్య. చేతిలోని గ్లాసు కింద పెట్టాడు.

ఎక్కడో, ఎవరికీ తెలియని ఊళ్లో, పాసైన మనిషి ఒకడు తాను ఫెయిలయ్యానని చెప్పుకుంటూ ముసలివాడవుతున్నాడు. ఆ మర్నాటి పేపరును సారయ్య ప్లాస్టిక్ కవరులో మడిచి సైకిలు సంచిలోనే ఉంచుకున్నాడు. పొద్దున బొంబాయి బస్సు వచ్చి ఆగితే, పేపర్లు అమ్మడం ఆపి దిగే ఒక్కొక్కరి మొహం చూస్తాడు. ఇప్పుడు దిగితే గడ్డం ఉంటుందేమో, బట్టతల వచ్చిందేమో అని కూడా ఆలోచిస్తాడట.

ఆయన వెళ్లాక కన్యక గోడ పటం దగ్గరికి వచ్చింది. తలుపు చాటునుంచి అంతా విన్నది.

"అమ్మా, ఇంకొక కాయితం అతికియ్యి."

ఆ ఐదో కాయితంలో ఫలితాలు వచ్చే రోజు, దాని తరువాతి రోజులు ఉన్నాయి. తేదీలు తెలియవు కనుక ఒకటి, రెండు, మూడు అని వేశారు. ఆ గళ్లు మాత్రం కన్యకే నింపింది. పెన్సిలుతో, తల్లికి చూపకుండా.

ఏడాది గడిచింది. వానాకాలంలో ఒకసారి మోకాళ్లు వాచి పదిహేను రోజుల గళ్లు ఖాళీగా పోయాయి. నవంబరులో సారయ్య ఫారం సంగారెడ్డికి చేర్చి వచ్చాడు. మార్చిలో కింది గదిలో, కిటికీ పక్కన కన్యకకు నంబరు పడింది. పదకొండు పేపర్లూ జ్ఞానేశ్వరి గేటు బయట నిలబడే ఉంది. లోపల ఏదైనా బల్ల కదిలిన చప్పుడైతే ఆమె గేటు పట్టుకుని లోపలికి తొంగిచూసేది. కానీ ఎవరూ ఒరిగిపోలేదు. కన్యక ప్రతిరోజూ నడిచే బయటికొచ్చింది. లెక్కల రెండో పేపరు నాడు మాత్రం, "టైం చాలలే అమ్మా," అని ఒక్క మాట అన్నది.

ఫలితాలు మే నెలాఖరున వచ్చాయి. మొదటి రోజు బడి పిల్లలవి. ఆ రోజు గడిలో కన్యక రాసుకున్నట్టే తల్లీకూతుళ్లు బస్సెక్కి హుస్నాబాద్‌లో పెద్దమ్మ ఇంటికి పోయి సాయంత్రానికి తిరిగొచ్చారు. రెండో రోజు పొద్దున ఆరింటికి సారయ్య పేపరు తెచ్చి అరుగు మీద పెట్టాడు. పోలేదు. నిలబడ్డాడు.

"నాతోని కాదన్నా. నువ్వు చూడు."

"నేను చూడ చెల్లె. పదేండ్లాయె, ఎవల నంబరు చూడక. నువ్వే చూడు."

జ్ఞానేశ్వరి చూసింది. వేలు ఒక వరుస వెంట దిగి, పై నంబరు దగ్గర ఆగి, కింది నంబరు మీదికి దూకింది. మధ్యలో కన్యక నంబరు లేదు. మళ్లీ చూసింది. చెవుల్లో తన నాడే వినిపిస్తోంది. వెనక తలుపు దగ్గర పావడా అలికిడైంది.

"ఉందా అమ్మా?"

లేదు అన్న మాట నాలుక చివరికి వచ్చింది. సారయ్య నేల చూపు వదిలి ఆమె మొహంలోకి చూశాడు. ఆ చూపులో లక్ష్మీరాజం నిలబడి ఉన్నట్టనిపించింది ఆమెకు, ఇంకా గుంపులోంచి తన నంబరే చెబుతూ.

జ్ఞానేశ్వరి వెనక్కి తిరిగింది. "ఇయ్యాళ్టి దాంట్ల నాకు కనబడలే. ఆగిన నంబర్లు రేపు వేస్తరట. రా, నా పక్కన కూసో, నువ్వు కూడ చూడు."

కన్యక కూర్చుని తన వేలితో తానే చూసుకుంది. చాలా నెమ్మదిగా. తరువాత లేచి, "ఇయ్యాల తొక్కు పెడదామని రాసుకున్న గద," అన్నది. ఆ రోజంతా మామిడికాయలు కడిగి, తుడిచి, కోసి, ఆవపిండి కలిపారు. విశ్వేశ్వర్ దుకాణం నుంచి పెద్ద గిన్నె తెచ్చిచ్చి పోయాడు. ముక్కలు తుడిచే పిల్ల మణికట్టు వంకే జ్ఞానేశ్వరి చూపంతా. పట్టుకోవాలని చెయ్యి లాగింది. పట్టుకోలేదు.

మూడో రోజు పేపర్లోనూ నంబరు లేదు. అప్పుడు కన్యకే అన్నది.

"లెక్కలే అయ్యుంటది అమ్మా. అక్టోబర్ల మళ్ల కడతా."

ఆ రోజు గడిలో ఆమె రాసుకున్నది 'సారయ్య మామ ఇంటికి' అని. మధ్యాహ్నం వెళ్లారు. అరుగు మీద ఒక ముసలామె కూర్చుని ఉంది. కొండవ్వ. ఏటా ఫలితాలు వచ్చిన మూడో రోజు ఆమె వస్తుంది. సారయ్య ప్లాస్టిక్ కవరు విప్పి ఆ పాత పేపరు తీస్తాడు. ఆమెకు చదువు రాదు. ఆయన చూపించిన చోట వేలు పెట్టి కాసేపు ఉంచి, తీసేస్తుంది. అంతే. ఆ వేలు పెట్టీ పెట్టీ అక్కడ అంకెలు సగం చెరిగిపోయాయి.

కొండవ్వ కన్యకను ఎగాదిగా చూసింది. "ఎవల పిల్లవు బిడ్డా? నువ్వు గూడ పరీక్ష రాసినవా?"

"రాసిన అవ్వా. ఫెయిలయినట్టున్న."

"మరి ఇంటికాడనే ఉన్నవా?"

"ఆఁ. ఇంటికాడనే ఉన్న."

కొండవ్వ చెయ్యి చాచి పిల్ల చెంప మీద పెట్టింది. ఇందాక పేపరు మీద పెట్టిన చెయ్యే. కన్యక కదలకుండా కూర్చుంది. జ్ఞానేశ్వరి మొహం పక్కకు తిప్పుకుంది.

అక్టోబరులో కన్యక లెక్కలు మళ్లీ రాసింది. ఈసారి నంబరు ఉంది. ఆ తరువాత ఇంటర్ కూడా ఇంట్లోనే చదివింది. గోడ మీద కొత్త పటాలు వచ్చాయి. ఒక్కటి కూడా పరీక్ష దగ్గర ఆగలేదు. లక్ష్మీరాజం మాత్రం ఏ బస్సులోనూ రాలేదు.

జ్ఞానేశ్వరికి భయం పోలేదు. హైదరాబాదు నుంచి గుండె పరీక్ష కాయితాలు వచ్చినప్పుడు ఇప్పటికీ కవరు కాసేపు పక్కన పెట్టి గానీ విప్పదు. కానీ కూతురు ఏదైనా అడిగితే, అది మార్కుల సంగతైనా గుండె సంగతైనా, నోటికొచ్చిన మొదటి జవాబు చెప్పదు. చేతిలో పని ఉంటే పక్కన పెడుతుంది. ఆ మూడో రోజు మధ్యాహ్నం సందు చివరి దాకా తమను సాగనంపుతూ, సైకిలు పట్టుకుని నడుస్తూ సారయ్య అన్న మాట ప్రకారమే నడుచుకుంటుంది:

"ఉందన్నది ఒక్కసారి చూసి చెప్పొచ్చు చెల్లె. లేదన్నది మాత్రం మళ్ల మళ్ల చూసినంకనే చెప్పు. చెప్పేటప్పుడు తల ఎత్తి, పిల్ల మొఖం చూసి చెప్పు. చెప్పి లేచిపోకు, గాడనే కూసో."