ఇంగ్లిష్‌లో బేరం

నలభై రెండేళ్ల వయసులో నేను అమీర్‌పేటలో స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులో చేరాను. బల్కంపేటలో మా ఇంటి ముందుగదిలో బ్లౌజులకు మగ్గం వర్క్ చేస్తాను. పంజాగుట్టలోని ఒక పెద్ద బట్టల షోరూమ్ వాళ్లు నా పని ఎక్కడో చూసి, మాట్లాడటానికి రమ్మన్నారు. అక్కడి సారుకు తెలుగు రాదని, హిందీ కూడా అంతంతమాత్రమేనని తెలిసింది. ఆ మీటింగుకు ఇంకా ఇరవై రోజులుంది. మర్నాడే వెళ్లి క్లాసులో పేరు రాయించుకున్నాను.

క్లాసు నాలుగో అంతస్తులో. అందరూ ఉద్యోగాల కోసం హాస్టళ్లలో ఉంటున్న పిల్లలు. నా ఈడుకు కాస్త దగ్గరగా ఉన్నది ఒక్కరే, కుర్చీలు, సోఫాలు చేసి అమ్మే ఒక ముస్లిం పెద్దాయన. ఆయన్ని భాయ్ సాబ్ అనేదాన్ని. ఆయన నన్ను చెల్లె అనేవాడు.

ఒకరోజు క్లాసు చెప్పే సారు మా ఇద్దరినీ ముందుకు పిలిచి చెరో కాగితం ఇచ్చారు.

"ఇది కామెడీ సీనండీ. వ్యాపారంలో బేరం. ఆయన కుర్చీలు అమ్ముతారు, మీరు కొంటారు. తెలుగు మాట ఒక్కటి కూడా రాకూడదు" అన్నారు.

భాయ్ సాబ్ గొంతు సవరించుకుని చదివాడు. "మై ప్రైస్ ఈజ్ ఫర్మ్."

ఫర్మ్ అంటే నాకు తెలిసింది కంపెనీ. ధర కంపెనీ ఎలా అవుతుంది? నా కాగితం చూసుకున్నాను. "దట్ ఈజ్ నాట్ ఫెయిర్" అని ఉంది. ఫెయిర్ అంటే తెల్లటి రంగు, పెళ్లిసంబంధాల ప్రకటనల్లో చదివిన మాట. కుర్చీ తెల్లగా లేదని ఎందుకనాలో అర్థం కాకపోయినా అనేశాను.

భాయ్ సాబ్ కూడా అలాగే అర్థం చేసుకున్నాడు. "టేకు గిట్లనే ఉంటది చెల్లె. తెల్లగ కావాల్నంటే పాలిష్ జర లైట్‌గ కొట్టిస్త" అన్నాడు.

క్లాసంతా గొల్లుమంది. "తెలుగు వద్దండీ!" అని సారు అరిచారు. కాగితంలో తర్వాతి లైను నాదే. "ఐ హావ్ నో ఇంటరెస్ట్." అక్కడ ఆగిపోయాను.

"సార్, నడుమ వడ్డీ యాడికెళ్లి వచ్చింది? మేము అప్పు మాట మాట్లాడలే కదా?"

ఈసారి సారు కూడా నవ్వారు. భాయ్ సాబ్ మాత్రం నవ్వలేదు. ఆయనకు అది నాటకమన్న సంగతే గుర్తులేదు. పక్కనున్న కుర్చీని తలకిందులు చేసి నా ముందు పెట్టాడు. "నా కుర్చీల ఏం తక్కువైంది చెల్లె? గీ కాలు చూడు. గీ అతుకు చూడు." నేను కూడా వంగి నిజంగానే అతుకు చూశాను.

ఆ తర్వాత సారు బోర్డు మీద రాశారు. ఫర్మ్ అంటే ఇక తగ్గేది లేదని. ఫెయిర్ అంటే న్యాయం. ఇంటరెస్ట్ అంటే ఆసక్తి. నోట్సులో రాసుకున్నాను గానీ, నాకు ముందే తెలిసిన మాటలన్నీ ఇంకో అర్థంతో తిరుగుతున్నాయని తెలిశాక, ఇంటికొచ్చేసరికి వచ్చినవి కూడా రానట్టే అనిపించింది.

మీటింగు రోజు శాంపిల్ బ్లౌజులు సంచిలో పెట్టుకుని మెట్రో ఎక్కి పంజాగుట్టలో దిగాను. ఆఫీసులో ఆ సారు, పక్కన లాప్‌టాప్‌తో ఒక మేడమ్ ఉన్నారు. శాంపిళ్లు చూసి ఆయన, "ఐ యామ్ అఫ్రైడ్ వి నీడ్ ఫిఫ్టీ బ్లౌజెస్ ఇన్ టెన్ డేస్" అన్నాడు. అఫ్రైడ్ అంటే భయమని నాకు తెలుసు. అంత పెద్ద మనిషి భయపడుతున్నాడే అని జాలేసింది.

"నో ఫియర్ సార్. ఐ యామ్ హియర్" అన్నాను.

ఆయన మేడమ్ వైపు చూశాడు. మేడమ్ లాప్‌టాప్ వైపు చూసింది. రేటు అడిగితే చెప్పి, ఫర్మ్ అన్నాను. "ఫెయిర్ ఇనఫ్" అన్నాడాయన. ఫెయిర్ అంటే న్యాయం, ఇనఫ్ అంటే చాలు. న్యాయం చాలంటున్నాడా? ఇక వద్దంటున్నాడా? ఆ లెక్క తేలకముందే "వి విల్ గెట్ బ్యాక్ టు యూ" అని ఇద్దరూ లేచి వెళ్లిపోయారు.

బ్యాక్ అంటే వెనక్కి. తిరిగి వస్తామన్నారు కాబట్టి బయట రిసెప్షన్ సోఫాలో కూర్చున్నాను. గంట గడిచింది. ఇంకో గంట గడిచింది. మంచినీళ్లు తాగడానికి లేస్తే, ఆలోపు పిలుస్తారేమోనని లేవలేదు.

మధ్యాహ్నం మేడమ్ టిఫిన్ డబ్బాతో బయటికొచ్చి నన్ను చూసి ఆగిపోయింది.

"అయ్యో, ఇంక పోలేదా అక్కా?"

"మల్ల వస్తమన్నరు కదా మేడమ్."

ఆమె వచ్చి నా పక్కన కూర్చుంది. "గట్లంటే తర్వాత ఫోన్ చేసి చెప్తమని."

సంచి సర్దుకుంటూ అడిగాను, "మీకు తెలుగు వస్తదా?"

"మాది సిద్దిపేట. మీరు అన్నిటికి ఇంగ్లిష్‌లనే జవాబిస్తుంటే మీకు గదే ఇష్టమనుకున్న. తెలుగుల మాట్లాడితే చిన్నచేసినట్టనుకుంటరని ఊకున్న."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పది రోజుల్లో అంత పని కాదని, హడావుడిగా చేస్తే పూసలు ఊడిపోతాయని అప్పుడు తెలుగులో చెప్పాను. ఆమె డబ్బా అక్కడే పెట్టి లోపలికెళ్లి ఆ సారుతో మాట్లాడి వచ్చింది. ముందు ఐదు బ్లౌజులు చేసిమ్మన్నారు, ఇరవై రోజుల గడువుతో.

చేసిచ్చాను. మూడు నచ్చాయి. రెండింటికి పూసల రంగు మార్చమన్నారు, మార్చాను. ఇప్పుడు ఆ షోరూమ్ పని నెలనెలా వస్తుంది. మేడమ్‌తో తెలుగులోనే మాట్లాడతాను. ఆ షోరూమ్ సారు ఫోన్ చేస్తే మాత్రం ఆయన ఒక్కో మాటా ఏ అర్థంలో అన్నాడోనని ఇప్పటికీ తడుముకుంటాను. అందుకే క్లాసు మానలేదు.