చల్లని పెట్టె, చల్లబడని గల్లీ

మా ఇంట్లో ఫ్రిజ్ ఉంది. ఎండాకాలంలో దాన్ని బీరువాగా వాడుకుంటాం. పొద్దున పెట్టిన పెరుగు మధ్యాహ్నానికే పులుస్తుంది. నీళ్ల సీసా మాత్రం గోరువెచ్చగా ఉండి గొంతుకు మేలు చేస్తుంది. మెకానిక్ వచ్చి, విప్పి, చూసి, "ఫ్రిజ్ మంచిగనే ఉన్నది సార్, మీ గల్లీయే ఖరాబున్నది" అని తేల్చాడు. వోల్టేజీ చాలదట. వరంగల్‌లో మా గల్లీ మొత్తానికి ఒక్కటే ట్రాన్స్‌ఫార్మర్. దాన్ని పెట్టిననాడు ఇక్కడ ఇన్ని ఇళ్లు లేవు, కూలర్లు అసలే లేవు.

నా కష్టం పెరుగుతో పోతుంది. ఎదురింట్లో కిరాణా దుకాణం నడిపే పెద్దమ్మ సంగతి వేరు. ఆమెకు షుగర్. రోజూ ఇన్సులిన్ సూది వేసుకోవాలి, ఆ మందు చల్లగా ఉండాలి. దుకాణంలోని ఫ్రిజ్‌దీ మా ఫ్రిజ్ జాతే కాబట్టి, తడి ఇసుకలో మట్టికుండ పెట్టి, కుండలో మందు దాచుకుంటుంది. పోయిన ఎండల్లో ఆ కుండ కూడా చేతులెత్తేసింది. మందు చెడిపోయింది. వేసుకున్నా పనిచేయక ఆమె హనుమకొండ దవాఖానాలో వారం రోజులు పడుకుని వచ్చింది. ఆటో దిగుతూనే మా కార్పొరేటర్‌ను పిలిపించి, కొత్త ట్రాన్స్‌ఫార్మర్ సంగతి ఏమైందని అడిగింది. అప్పటికే రెండేళ్లుగా అడుగుతోంది.

కార్పొరేటర్ డిగ్రీలో నా క్లాస్‌మేటు. చెడ్డవాడు కాదు. ఆ మాట కోర్టుకు పిలిచినా చెబుతాను. పొద్దున్నే స్కూటర్ మీద డివిజన్ అంతా తిరుగుతాడు. మురుగు మోరీ తీయిస్తే, ఫోటో దిగేదాకా కాక, మోరీ తీసేదాకా నిలబడతాడు. ఈ కాలంలో అది మామూలు విషయం కాదు. పెద్దమ్మ అడిగినప్పుడల్లా ఆమె రెండు చేతులూ పట్టుకుని, "ఫైల్ నడుస్తాంది పెద్దమ్మా, నువ్వు ఫికర్ జెయ్యకు" అంటాడు. నిజంగానే నడుస్తూ ఉంటే ఆ ఫైలు ఈపాటికి రఘునాథపల్లి దాటి, హైదరాబాద్ చూసుకుని, తిరుగు బస్సెక్కి ఉండాలి.

వాడికి పేరు తెచ్చింది మాత్రం ఫ్రీజర్ బాక్సు. సొంత డబ్బుతో కొన్నాడు. డివిజన్‌లో ఎవరు పోయినా ఒక్క ఫోన్ చేస్తే చాలు, బాక్సు వస్తుంది, టెంటు వస్తుంది, కుర్చీలు వస్తాయి, వెనకాలే వాడూ వస్తాడు. అంతా ఉచితం. బాక్సు పక్కన పెద్ద స్టిక్కర్, దాని మీద చేతులు జోడించి నవ్వుతున్న వాడి ఫోటో, కింద "మీ ఇంటి మనిషి, మీ వెంటే" అన్న మాట. ఎన్నికలప్పుడు ఆ మాట రాసిచ్చింది నేనే. వాడు ఇంతదూరం వెంట వస్తాడనుకోలేదు.

ఈ ఎండాకాలం మా పక్కింటి రిటైర్డ్ బస్సు డ్రైవరు పోయాడు. కాలేజీ రోజుల్లో నేనూ కార్పొరేటరూ ఫుట్‌బోర్డు మీద వేలాడింది ఆయన బస్సుకే. కూతురు ముంబై నుంచి రావాలి, మర్నాటిదాకా ఉంచాలి. మిట్టమధ్యాహ్నం బాక్సు దిగింది. ప్లగ్గు పెట్టగానే ఎర్ర బల్బు వెలిగింది, ఆరింది, మళ్లీ వెలిగింది. మోటారు కాసేపు మూలిగి ఊరుకుంది.

"ఏమైందే?" అన్నాడు కార్పొరేటర్.

"వోల్టేజీ లేదన్నా," అన్నాడు బాక్సు తెచ్చినతను. "గీ గల్లీల బల్బే సక్కగ ఎలగదు, గిదేడ నడుస్తది?"

"మా ఫ్రిజ్‌దీ ఇదే రోగం. స్టిక్కర్ ఒక్కటే తక్కువ," అన్నాను నేను.

"సావుకాడ గూడ నీ జోకులేందిరా బై!"

వాడు ఫోన్ తీసి పక్కకు జరిగాడు. "అన్నా, నాకు తెల్వది. పెండ్లిల నడుస్తాంటే ఆడికెళ్లి ఇడిపియ్యి. ఇప్పుడే పంపు, నా ఇజ్జత్ మీదికొచ్చింది" అనడం టెంటు కింద అందరికీ వినబడింది. అరగంటలో ట్రాలీ ఆటో మీద జనరేటర్ వచ్చింది. గల్లీ గోడలు దడదడలాడాయి. పచ్చ బల్బు వెలిగింది. కాసేపటికి అద్దం మీద చెమ్మ పట్టింది. "మనిషంటే నువ్వే అన్నా!" అన్నారు ఎవరో. వాడు అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. అది ఫోటో కోసం కాదు. ఫోటో తీసే పిల్లగాడు అప్పటికి చాయ్ తాగడానికి వెళ్లాడు.

అప్పుడు పెద్దమ్మ రోడ్డు దాటి వచ్చింది. చేతిలో తడిగుడ్డ చుట్టిన మందు డబ్బా. పోయినాయనకు దండం పెట్టి, బాక్సు అద్దం మీద అరచెయ్యి ఆనించి చూసింది.

"మస్తు సల్లగున్నది బిడ్డా. నా సూదిమందు గూడ దీంట్ల జర పెట్టరాదు? ఆయనేమనడు, మంచోడు."

ఎవరో నవ్వబోయి దగ్గారు. కార్పొరేటర్ స్టిక్కర్ మీదిలాగే చేతులు జోడించాడు, నవ్వు మాత్రం రాలేదు.

"గట్లంటే ఎట్ల పెద్దమ్మా? ఫైల్ నడుస్తాందని చెప్పిన గద."

"నడువనీ," అని ఆమె జనరేటర్ వైపు చూసింది. "గిదైతే అరగంటల ఉరికొచ్చింది. నేను మూడేండ్ల సంది అడుగుతున్న. నేను గూడ సచ్చినంకనే అడగాల్నా?"