పాలు ఇంకిపోకముందే

అక్క పురిటి జ్వరంతో విజయవాడ ఆసుపత్రిలో చేరి వారమైంది. పసివాడు ఉయ్యూరులో అమ్మ దగ్గర డబ్బాపాల మీద ఉన్నాడు. వాణ్ణి తీసుకురావద్దన్నారు. దిండు కింద వాడి జుబ్బా ఒకటి దాచుకుని అక్క మాటిమాటికీ వాసన చూసేది. అక్క పిండిన పాలు తూములో పోయకూడదని పెద్దమ్మ గిన్నె నా చేతికిచ్చేది. ఆవరణలో నందివర్ధనం చెట్టు మొదట్లో పోసి వచ్చేదాన్ని. రోజురోజుకీ గిన్నెలో పాలు తగ్గిపోతున్నాయి. అక్కకీ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం ఆ మాట ఎత్తేవాళ్లం కాదు.

పెన్సిలిన్ వేస్తే అక్కకి ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. అందుకని డాక్టరుగారు సెఫలోస్పోరిన్ అనే కొత్త రకం ఇంజెక్షన్ రాశారు. బావ వన్ టౌన్ మందుల కొట్లన్నీ తిరిగి తెచ్చాడు. చిన్న సీసాల్లో తెల్లటి పొడి. పెన్సిలిన్ పడనివాళ్లలో కొందరికి ఇదీ పడదట. నర్సమ్మ అక్క ముంజేతి మీద చుక్క మందు ఎక్కించి, చుట్టూ పెన్నుతో గీత గీసి, "అరగంట ముట్టుకోకండి, ఎర్రబడుతుందేమో చూడాలి" అని వెళ్లింది.

కాఫీకి వెళ్లిన పెద్దమ్మ అప్పుడే వచ్చింది. సూది గుచ్చినచోట లేచిన పొంగు చూసి, "అయ్యో తల్లీ, వాచిందే" అంటూ సంచిలోంచి పసుపు తీసి, తడిపి పట్టేసింది. అక్క జ్వరం మగతలో ఉంది. వద్దనాలని నా నోటిదాకా వచ్చింది. పెద్దవాళ్లకి ఎదురుచెప్పి ఎరగను.

నర్సమ్మ తిరిగొచ్చి తల పట్టుకుంది.

"ఏందండీ ఇది, పెళ్లికూతుర్ని చేశారా? ఎరుపు నాకెట్టా కనపడుద్ది?"

"పసుపు మంచిదేగా నర్సమ్మా."

"మంచిదేనండీ, కూరలోకి!" అని నా వైపు తిరిగి, "నువ్విక్కడే ఉన్నావుగా అమ్మాయ్, చెప్పొద్దూ?" అంది.

రెండో చేతికి మళ్లీ పరీక్ష చేసింది. ఆ అరగంటా అక్క చెయ్యి నా ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చున్నాను. ఒక్క అరగంటకి పాలు ఇంకిపోవని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం ఆ ఆలస్యమంతా నాదేననిపించింది.

చర్మం ఎర్రబడలేదు. సూది వేశారు. మూడో రోజుకి జ్వరం దిగింది.

ఇంకో వారానికి ఉయ్యూరు చేరాం. అక్క కాళ్లు కడుక్కుని నేరుగా ఉయ్యాల దగ్గరికి వెళ్లింది. వాణ్ణి గుండెకి అదుముకుంది. వాడు రొమ్ము పట్టలేదు. మొహం తిప్పుకుని గుక్కపట్టి ఏడ్చాడు.

"అలవాటు తప్పిందే వాడికి, రేపు చూద్దాంలే," అంటూ అమ్మ పాలసీసా అందుకుంది.

అక్క ఆ సీసా తీసుకుంది. వాణ్ణి రొమ్ముకి ఆనించుకునే ఉంచి, సీసా తనే వాడి నోటికి పెట్టి, తాగుతున్నంతసేపూ వాడి మొహమే చూస్తూ కూర్చుంది.