నేను నున్నగా గీసిన రెండు గీతలు

2003లో అమలాపురంలోని ఒక డిగ్రీ కాలేజీలో నేను ఫిజిక్స్ హెడ్‌ని. రాజోలు నుంచి రోజూ బస్సులో వచ్చే సత్యవతి గారు మా పార్ట్ టైమ్ లెక్చరర్. పరిశోధనలోకి వెళ్ళాలని ఆవిడ కోరిక. దానికి ఆవిడకు దొరికిన ఒకే దారి, ఒక పరిశోధన సంస్థ పెట్టిన వేసవి శిక్షణ. దరఖాస్తుతో ఒక చిన్న వ్యాసం పంపాలి. అది నా సంతకంతోనే వెళ్ళాలి.

ఆవిడ న్యూట్రినోల మీద రాశారు. దేనిలోంచైనా దూసుకుపోయే ఈ సూక్ష్మకణాలకు మూడు ద్రవ్యరాశులు. రెండు దగ్గరదగ్గరగా ఉంటాయి, మూడోది దూరంగా. అది ఆ రెంటికన్నా బరువైనదా, తేలికైనదా? ఈ వరసనే మాస్ ఆర్డరింగ్ అంటారు. అణు రియాక్టర్‌కు యాభై అరవై కిలోమీటర్ల దూరంలో న్యూట్రినోలను శక్తి వారీగా లెక్కపెడితే గ్రాఫులో ఒక పెద్ద పల్లం, దాని మీద సన్నని అలలు వస్తాయి. మూడోది బరువైతే ఆ అలలు ఒకచోట, తేలికైతే కాస్త జరిగి మరోచోట. ఆవిడ కాలిక్యులేటర్‌తో నెల్లాళ్ళు లెక్కలు కట్టి రెండు గ్రాఫులూ గీశారు.

ఆ అలల్లో నాకు కనిపించినవి వంకర్లే. ప్రాక్టికల్ రికార్డులో గీత నున్నగా లేకపోతే మార్కులు కోసే అలవాటు మాది.

“అవి తప్పులు కావండి మాస్టారూ. ఉన్నదంతా వాటిలోనే ఉందండి,” అన్నారావిడ.

“ఇరవయ్యేళ్ళుగా రికార్డులు దిద్దుతున్నానమ్మా. ఇలా పంపితే కాలేజీ పరువు పోద్ది,” అన్నాను.

ఆవిడ క్లాసుకు వెళ్ళగానే రెండు గ్రాఫులనూ కొత్త కాగితాల మీద వంపులు గీసే ఫ్రెంచ్ కర్వ్ బద్దతో నున్నగా గీసి, సీలు వేసి పోస్టు చేయించాను. వ్యాసం చదవనే లేదు. చదివితే అర్థం కాదేమోనని భయం. ఆ భయానికి హోదా తొడిగాను.

దరఖాస్తును కాదని గ్రాఫులు తిప్పి పంపారు. రెండూ ఒకటే అయినప్పుడు వరస ఎలా తేలుతుందని వాటితో వచ్చిన ఉత్తరంలో అడిగారు. సత్యవతి గారు వాటిని ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ వెలుతురుకు పట్టుకున్నారు.

“ఆయ్, భలే కలిసిపోయాయండి మాస్టారూ. వెంట్రుకవాసి తేడా లేదు,” అన్నారు.

తప్పెవరిదని ప్రిన్సిపాల్ గారు అడిగితే, సంతకం మాత్రమే నాదన్నాను. పక్కనే నిలబడ్డ ఆవిడ నన్నొకసారి చూసి, గ్రాఫులు తీసుకుని క్లాసుకు వెళ్ళిపోయారు. ఆ ఏడాదే ఉద్యోగం మానేశారు.

ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. చదవకుండా సంతకం చేసే అధికారం మీద, నున్నటి గీతకే మార్కులేసే చదువు మీద. వాటిని సాకుగా చెప్పుకున్న నా మీద మరీను. ప్రిన్సిపాల్ గారికి నిజం చెప్పాను, కానీ ఆవిడ వెళ్ళిపోయాక, అది ఎవరికీ పనికిరాని రోజున.

ఆ తర్వాత రికార్డులో వంకర కనిపిస్తే ఎర్ర పెన్ను పక్కన పెట్టి, ఇదెందుకొచ్చిందని గీసినవాళ్ళనే అడిగేవాణ్ణి. ఆ ఒక్క మాట సత్యవతి గారిని అడగడానికి నాకు అరనిమిషం పట్టేది.