రెక్కకు పెట్టిన మెరుగు

ప్రపంచంలో విమానాలన్నీ కిందపడకుండా ఎగురుతున్నాయంటే, అది చిలకలపూడిలో మా అమ్మమ్మ వీరమ్మ బొటనవేలి పుణ్యమే. నమ్మనివాళ్ళు వచ్చి ఆ వేలు ఎంత అరిగిందో చూసుకోవచ్చు.

నలభై ఏళ్ళుగా ఆమె రోల్డ్‌గోల్డ్ గాజులకు మెరుగు పెడుతోంది. వీధిలో ఇంకొకరి గాజు ఎక్కువ మెరిస్తే ఆ పూట ఎవరితోనూ మాట్లాడదు. అలాంటి మనిషి దగ్గరికి పోయినేడు గుడ్లవల్లేరు వైపు ఒక కాలేజీ నుంచి ఝాన్సీ అనే లెక్చరర్ మూరెడు పొడవున్న అల్యూమినియం విమానం రెక్క నమూనా పట్టుకొచ్చింది. ముందంచు గరుకుగా ఉంది, నున్నగా చేసిపెట్టమని అడిగింది.

ఆవిడ పరిశోధనలో, పదో తరగతి తప్పిన ఈ మనవరాలికి అర్థమైంది ఇంతే. రెక్క ముక్కు చటుక్కున పైకెత్తితే ముందంచు దగ్గర గాలి సుడి తిరుగుతుంది. ఆ సుడి వీపు మీద ఉన్నంతసేపూ రెక్కకు ఎక్కడలేని బలం. అది వెనక్కి జారిపోగానే రెక్క చతికిలబడుతుంది. ఆ జారే క్షణాన్ని ఫోటో తీయాలని ఝాన్సీ తపన.

వీరమ్మ పది రోజులు రుద్దింది. నున్నగా చేయమంటే అద్దం చేసింది. పాత చీరలో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తనే తీసుకెళ్ళింది.

ల్యాబులో పెద్ద గొట్టం. అందులో రెక్క బిగించి గాలి వదిలారు, పొగ వదిలారు, ఆకుపచ్చ లేజర్ వేశారు. రెక్క భగ్గున మెరిసింది. కంప్యూటర్ తెర మీద తెల్లటి మచ్చ తప్ప సుడి జాడే లేదు.

ఝాన్సీ మొహమాటపడుతూనే దాన్ని తీసి మరో రెక్క బిగించింది. కాలేజీలోనే మిషను మీద తయారుచేసిన ప్లాస్టిక్ రెక్క అది, మసి పూసినట్టు నల్లగా ఉంది. దాని వీపు మీద సుడి ముచ్చటగా చుట్టుకుంది. స్టూడెంట్లు చప్పట్లు కొట్టారు.

సవతిని పీటల మీద కూర్చోబెట్టి తనను అక్షింతలు వేయమన్నట్టు వీరమ్మ కడుపు రగిలిపోయింది.

"ఆ బొగ్గుమొహందాన్లో ఏం చూసి మురిసిపోతున్నారమ్మా?"

"అయ్యో పిన్నిగారూ, మీదే గట్టిది. గాలి పెంచితే ఇది వణికిపోద్ది. మీ దానికి నల్లరంగు వేస్తే చాలండీ, వెలుగు తిరిగి కొట్టదు."

"నా మెరుగు మీద రంగా?"

"నునుపు అడుగున అట్టాగే ఉంటదండీ. మీకిష్టం లేకపోతే చెప్పండి, ప్లాస్టిక్ దాంతోనే కానిచ్చేస్తాను."

ఆ చివరి మాట పనిచేసింది. ఆ ప్లాస్టిక్‌ది గొట్టంలో ఉండటం కన్నా తన మెరుగు చావడమే నయమనిపించింది వీరమ్మకు.

"ఇట్టా తే ఆ కుంచె. దీని మీద ఇంకొకళ్ళ చెయ్యి పడిందో, ఊరుకోను."

పది రోజుల పనిని పది నిమిషాల్లో నల్లగా చేస్తూ రెండుసార్లు ముక్కు చీదింది. ఏడవలేదని ఇప్పటికీ వాదిస్తుంది.

రంగు ఆరాక రెక్క బిగించి గాలి హోరు పెంచారు. సుడి పుట్టింది, వీపు మీద దొర్లింది, జారింది. రెక్క వణకలేదు, జారే క్షణం ఫోటోలో పడింది. ఝాన్సీ ఎగిరి గంతేసింది. వీరమ్మ మాత్రం తెర వంక చూడనే లేదు. పక్కన బల్ల మీదున్న ప్లాస్టిక్ రెక్కనే గుడ్లురిమి చూస్తూ కూర్చుంది.

ఇదంతా రాసి చదివి వినిపించి, "నీదే గెలిచిందిగా అమ్మమ్మా, ఇకనన్నా కుళ్ళు తీరిందా?" అని ఈ మనవరాలు అడిగితే, తలెత్తకుండానే చెప్పింది:

"ఆ బొగ్గుమొహందాన్నింకా బీరువాలో దాచుకున్నారంట. పారేశారని తెలిశాక వచ్చి అడుగు."