లాంచీ ఎక్కిన ద్రాక్షారసం

లంకలో కొండమ్మ పేరు చెబితే ముందు ఆమె కోపం గుర్తొస్తుంది, ఆ తర్వాతే మనిషి. ఆ కోపం గురించి వెనకాల గొణిగేవాళ్లలో సగంమంది దానివల్ల బాగుపడ్డవాళ్లే. ఓ ఏడాది మిరపకోతలప్పుడు ఎర్రటి ఎండలో కూలీలకు మంచినీళ్లు పెట్టించని ఆసామి వాకిట్లో చతికిలబడి, నీళ్లకుండ చేలోకి వచ్చేదాకా ఒక్క ఆడమనిషిని కూడా కాయ కోయనివ్వలేదు. ఆసామి నోరు పెద్దదే గానీ కొండమ్మ నోటి ముందు చాల్లేదు. కుండ వచ్చింది. ఆ నీళ్లు కడుపారా తాగినవాళ్లే సాయంత్రానికి "అబ్బో, దానికెంత నోరమ్మా" అని బుగ్గలు నొక్కుకున్నారు.

కృష్ణ నడుమ ఆ లంక. మిరప, పొగాకు, జొన్న. క్రైస్తవుల ఇళ్లు ఓ వరస, ఆ వరస చివర తాటాకు కప్పిన గుడి. పాస్టరు అక్కడ ఉండరు. ఒడ్డున పట్నంలో ఉండే ప్రేమదాసుగారు ఏడాదికి మూడు నాలుగుసార్లు వచ్చి, క్రీస్తు శరీరం, రక్తం అని రొట్టె, ద్రాక్షారసం పంచే ప్రభు బల్ల సంస్కారం ఇచ్చి వెళ్తారు. ఆ బల్ల మీదికి రొట్టె, ద్రాక్షారసం సిద్ధం చేసే పని కొండమ్మది. ద్రాక్షారసం అనగానే ఏదేదో ఊహించుకోకండి. ఎండుద్రాక్ష నానబెట్టి, ఉడకబెట్టి, గుడ్డలో వేసి పిండటమే. అందులో మత్తు ఉందంటే పాయసంలోనూ ఉన్నట్టే.

ఆ గిన్నె ఆమె మొగుడు దానయ్యకు మాత్రం అందేది కాదు. దానయ్య ఒకప్పుడు పొద్దుగూకితే తాటితోపు దారి పట్టేవాడు. మద్యనిషేధం వచ్చాక కూడా దొంగచాటు కల్లు మానలేదు. సంఘపెద్దలు కూర్చుని అతన్ని బల్ల నుంచి తీసేశారు. తప్పు చేశాడు, తీసేశారు. అక్కడిదాకా కొండమ్మకు కూడా పేచీ లేదు. కానీ ఓ రోజు దానయ్య ముంత బోర్లించి "ఇంక చాల్లేవే" అన్నాడు. ఎవరూ ఒట్టు పెట్టించుకోలేదు, ఎవరూ బతిమాలలేదు. మళ్లీ ముట్టలేదు.

మానేసినవాణ్ణి మళ్లీ చేర్చుకోవాలా, వద్దా? "ఇంకొన్నాళ్లు చూద్దాం" అన్నారు పెద్దలు. అప్పటి పాస్టరు అయ్యగారు కూడా చూద్దామనే అన్నారు, బదిలీ అయి వెళ్లిపోయారు. ఆయన తర్వాతాయనదీ అదే మాట. వచ్చి చూసినవాడు ఒక్కడూ లేడు గానీ, చూద్దామనడం మాత్రం తొమ్మిదేళ్లు సాగింది.

అరవై ఒకటి వేసవిలో దానయ్య మంచం పట్టాడు. ఊపిరితిత్తులు పాడయ్యాయి, ఇంక చేసేదేమీ లేదని డాక్టరు చేతులెత్తేశాడు. దానయ్య చావుకు భయపడలేదు. అతని బాధ వేరు. "బల్ల దగ్గరికి చేరి పోవాలే కొండా" అన్నాడు ఆయాసపడుతూ. "బయటోడిలాగా పోవడం నా వల్ల కాదు."

ఆడబిడ్డ రెబ్కాను మొగుడి దగ్గర కూర్చోబెట్టి కొండమ్మ పట్నం వెళ్లింది. ప్రేమదాసుగారి వరండాలో కూర్చుని, ఆయన "సరే, రేపు వస్తాను" అనేదాకా లేవలేదు. ఆయన చెడ్డమనిషేమీ కాదు. మెత్తనివాడు. ఎవరు చివరిగా నొక్కితే వాళ్లవైపు ఒరిగే మెత్తదనం. ఆ సాయంత్రం ఆయన వంటింట్లోనే కొండమ్మ ఎండుద్రాక్ష ఉడకబెట్టి పిండింది. పాస్టరమ్మగారు మిషను బంగళా అటక మీద పడి ఉన్న దొరల కాలం నాటి సీసా ఒకటి కడిగి ఇచ్చారు. అందులో పోసి, మూతి బిగించి, చీరకొంగున చుట్టుకుని, తెల్లవారగానే పాస్టరుగారితో సీతానగరం రేవుకు వచ్చింది కొండమ్మ.

అమరావతి వెళ్లే లాంచీ అది. దారిలో లంక దగ్గర ఆగుతుంది. ఆ రోజు పైఅంతస్తంతా చిలకలూరిపేట వైపు నుంచి వచ్చిన ఓ పత్తిమిల్లు యజమాని, ఆయన స్నేహితులు బాడుగకు మాట్లాడుకున్నారు. జలవిహారమట. జంపఖానాలు పరిచారు, గ్రామఫోను పెట్టారు, రంపపు పొట్టు నింపిన పెట్టెలో ఐసు ఎక్కించారు. ఐసు ఎందుకో తెలియనివాళ్లు లేరు. బ్రాందీ సీసాలు కూడా వాళ్లతోనే ఎక్కాయి. మద్యనిషేధం ఉన్న జిల్లాలో బ్రాందీ ఎలాగంటే, పర్మిట్టు ఉంది. తాగకపోతే ప్రాణానికి ముప్పని డాక్టరు రాసిస్తే వచ్చే పర్మిట్టు. అంత ముప్పులో ఉన్న మనుషులు రేవు దాటకముందే గ్రామఫోనుతో గొంతు కలిపి పాటలందుకున్నారు. వాళ్లతోపాటు ప్రొహిబిషను జవాను ఒకడు పైన కూర్చుని కోడిపలావు తింటున్నాడు. చట్టం కాపాడటానికి వచ్చాడో, చెయ్యి కడుక్కోవడానికి వచ్చాడో అతనికే తెలియాలి.

లాంచీ నడిమి పాయలోకి వచ్చాక జవాను మెట్లు దిగి కిందికి వచ్చాడు. పైవాళ్ల ముందు ఏదో ఒక డ్యూటీ చూపించుకోవాలి కదా. బెంచీల మధ్య నడుస్తూ కొండమ్మ ఒడిలోని మూట దగ్గర ఆగాడు.

"ఏముందే అందులో?"

"ఏమే గీమే అనబాకండి. గుడికి తీసుకుపోయే ద్రాక్షారసం."

"ద్రాక్షారసమా, సారానా? దొంగసరుకు లాంచీలోకి ఎక్కిస్తే ఏమవుతుందో తెలుసా?"

"వాసన చూసుకోండి."

చూశాడు. పైన పుచ్చుకున్న బ్రాందీ ఆ ముక్కు నిండా ఉండగా ఇంకో వాసన ఎక్కడ దూరుతుంది? "పులిసిన కంపు కొడుతోంది" అన్నాడు.

"కొడుతోంది. సీసాలోంచి కాదు" అంది కొండమ్మ.

బెంచీల మీదివాళ్లు గొల్లున నవ్వారు. ఆ నవ్వే కొంప ముంచింది. జవాను మొహం మాడిపోయింది. సీసా లాక్కున్నాడు. టిక్కెట్లు కొట్టే సిలార్ గబగబా వచ్చి అడ్డం నిలబడ్డాడు. ఈ దారిలో వచ్చిపోయే కొండమ్మ అతనికి తెలుసు.

"సార్, సార్, ఆవిడ పాస్టరుగారితో ఎక్కిందండీ. గుడి పనే అయ్యుంటుంది. అయ్యగారు ఇక్కడే ఉన్నారు, ఆయన్నే అడగండి."

జవాను ఆగాడు. పాస్టరు మాట కాదని గొడవ పెట్టుకునే ధైర్యం అతనికీ లేదు. "ఏవండీ పాస్టరుగారూ, ఇది మీదేనా? మీదని ఒక్క ముక్క చెప్పండి, ఇచ్చేస్తాను."

ఒక్క ముక్క. కొండమ్మకు అప్పటిదాకా కాస్త కూడా భయం లేదు. పాస్టరుగారు చెబుతారు, సీసా తిరిగి వస్తుంది, లంకలో దిగుతారు. అంతే కదా అనుకుంది.

ప్రేమదాసుగారు పైకి చూశారు. పైఅంతస్తు కమ్మీ పట్టుకుని మిల్లు యజమాని, స్నేహితులు తమాషా చూడటానికి వంగి ఉన్నారు. కేసు అంటే పేరు బయటికొస్తుంది. మిషనులో అడుగుతారు. మళ్లీ బదిలీ. ఇవన్నీ ఆయన కళ్ల ముందు తిరిగాయి. మెడ కింది బొత్తాం సవరించుకున్నారు.

"నాకు తెలియదండీ" అన్నారు. "ఎవరి సామాను వాళ్లది."

జవాను మూత పీకి, సీసాను లాంచీ అంచు మీద నుంచి వంచాడు. ఎర్రటి రసం నీళ్లలో కాసేపు కనిపించి కలిసిపోయింది. తర్వాత సీసా కూడా విసిరేశాడు. "కేసు రాయనందుకు సంతోషించు" అన్నాడు. పైనుంచి ఎవరో "పోనీలెండి, కృష్ణమ్మకూ ఓ చుక్క దక్కింది" అన్నారు. నవ్వులు.

కొండమ్మ లేచి నిలబడింది. "మీరు తెచ్చుకుంటే మందు, నేను తెచ్చుకుంటే సారానా?" అని పైకి చూసి అరిచింది. "జబ్బు మనుషులంట జబ్బు మనుషులు! జబ్బు మనిషి నా ఇంట్లో ఉన్నాడు. ఊపిరి తీసుకోడానికి గోడ పట్టుకుంటన్నాడు. పాటలు పాడతల్లేదు!"

"నోరు మూయిస్తావా, లాంచీ ఒడ్డుకు కట్టించి దింపెయ్యమంటావా?" అని జవాను సిలార్ మీద కేకలేశాడు.

"దింపండి! ఈదుకుంటా పోతాను!"

"అమ్మా, నీకు దణ్ణం పెడతా, కూర్చో" అన్నాడు సిలార్ నెమ్మదిగా. "నిన్ను దింపేస్తే అయ్యగారు లంకలో దిగుతారా? ఆలోచించుకో."

అది నిజం. కొండమ్మ కూర్చుంది. కోపం మింగడం ఆమెకు జన్మలో అలవాటు లేని పని, ఆ రోజు చేసింది. లాంచీ దిగి పడవలో లంకకు వెళ్తుండగా ప్రేమదాసుగారు "కొండమ్మా, పరిస్థితి నువ్వూ చూశావు కదా" అన్నారు.

"చూశానండి" అంది.

ఇంటి దగ్గర దానయ్యకు రెబ్కా ఒళ్లు తుడిచి ఉతికిన చొక్కా తొడిగింది. దిండ్లకు ఆనుకుని కూర్చున్నాడు. పదిమందీ వచ్చి పాక నిండా ఉన్నారు. దానయ్య పాస్టరుగార్ని చూసి చేతులు జోడించాడు. ఆ మొహంలో వెలుగు చూసి కొండమ్మ పాస్టరుగారి వైపు తిరిగి చూసింది.

ప్రేమదాసుగారు ప్రార్థన చేశారు. రొట్టె పళ్లెంలో పెట్టారు. తర్వాత "ద్రాక్షారసం దారిలో పోయింది. వచ్చే నెల నేనే తీసుకొస్తాను. ప్రభువు దానయ్య మనసు ఎరుగును" అన్నారు.

"దారిలో పోలేదు" అంది కొండమ్మ. "పారబోశారు. మీదేనా అని జవాను అడిగితే, నాకు తెలియదన్నారు అయ్యగారు. మీదని ఒక్క ముక్క చెబితే ఇచ్చేవాడు. వచ్చే నెలదాకా ఈ మనిషి ఉంటాడా? ఆయన మొహం చూసి చెప్పండి."

పాస్టరుగారు ఎవరి మొహమూ చూడలేదు. ఆయనకు సిగ్గేసింది, ఆ మాట ఒప్పుకోవాలి. సంఘపెద్ద యలమందయ్యను బయటికి పిలిచి ఏదో గుసగుసలాడారు. యలమందయ్య తాటితోపు వైపు వెళ్లి, కండువా కప్పిన ముంతతో తిరిగొచ్చాడు. పాస్టరుగారు దాన్ని గిన్నెలోకి వంచారు.

"ఇప్పుడే దించింది. తీపిగానే ఉంది, పులవలేదు" అన్నారు. "అవసరానికి తప్పులేదు."

కల్లు! ఇన్నేళ్లూ దేన్ని ముట్టాడని ఆ మనిషిని బల్లకు దూరం పెట్టారో, దాన్నే తెచ్చి అదే బల్ల పేరుతో అతని నోటి దగ్గర పెడుతున్నారు. తెచ్చింది ఎవరు? చూద్దాం, చూద్దామని తిప్పిన యలమందయ్యే. తోపులో ముంత ఎక్కడుంటుందో ఆ పెద్దమనిషికి వెతుక్కోకుండానే దొరికింది.

దానయ్య గిన్నెలోకి చూశాడు. ఆ వాసన అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఇది తాగాననే గదండీ నన్ను తోలేశారు" అన్నాడు. గొంతులో కోపం లేదు, నిజంగా తెలియక అడిగినట్టే అడిగాడు. దానయ్య గిన్నెను పక్కకు జరిపాడు. "నాకొద్దండీ. నేను మానేశాను."

కొండమ్మ ఆ గిన్నె తీసి వాకిట్లో పారబోసింది. కుండలో నీళ్లతో కడిగి, నీళ్లే నింపింది. వచ్చి మంచం మీద కూర్చుని రొట్టె విరిచింది.

"కొండమ్మా, అలా చెయ్యకూడదు" అన్నారు ప్రేమదాసుగారు కంగారుగా. "నీళ్లతో సంస్కారం లేదు. పైగా ఇవ్వడానికి నీకు అధికారం లేదు."

"ఇయ్యాల్సినోళ్లు ఇస్తే నేనెందుకు ఇస్తానండీ?" అని మొగుడి వైపు తిరిగింది. "మావా, ఇది ఆయన శరీరం. తిను. ఇది ఆయన రక్తం. తాగు."

దానయ్య రొట్టె నమిలాడు. గిన్నె రెండు చేతులా పట్టుకుని అడుగంటా తాగాడు. అదే వారంలో పోయాడు.

వానలు పడ్డాక సంఘపెద్దలు కొండమ్మను పిలిపించారు. లాంచీలో ఏం జరిగిందని ప్రేమదాసుగార్ని ఎవరూ అడగలేదు. కల్లు ముంత మాట ఎత్తినవాడు లేడు. లేని అధికారంతో సంస్కారం ఇచ్చినందుకు కొండమ్మను బల్ల నుంచి తీసేశామన్నారు. పదిమందిలో క్షమాపణ అడిగితే ఆలోచిస్తామని యలమందయ్య అన్నాడు.

అందరూ ఆమె అరుస్తుందనుకున్నారు. అరవలేదు.

"క్షమాపణ అడగాల్సింది ఉందండీ" అంది. "తొమ్మిదేళ్లు ఆ ద్రాక్ష ఈ చేత్తోనే పిండాను. నా మొగుడు గుడి బయట చెప్పుల దగ్గర కూర్చుంటే, నేను లోపల మీ పక్కన కూర్చుని తాగాను. అది తప్పని మీరు చెప్పలేదు. నాకూ తోచలేదు. అప్పుడే లేచి బయటికి రావాల్సింది. అడగాల్సిన మనిషి మట్టిలో ఉన్నాడు. మిమ్మల్ని అడిగేది ఏమీ లేదు."

చీరకొంగు దులుపుకుని లేచి వెళ్లిపోయింది. ఆ తర్వాత కొత్త పాస్టరుగార్లు వచ్చారు, రమ్మని పిలిచారు, ఒకాయన ఇంటికొచ్చి బతిమాలారు కూడా. కొండమ్మ బల్ల దగ్గరికి వెళ్లలేదు. అలాగని సంస్కారం రోజున గుడికి రావడం మానలేదు. వచ్చి, బయట చెప్పుల దగ్గర దానయ్య కూర్చున్న చోట కూర్చునేది.